మా తాలూకాలో కడుపునొప్పి

2 జూలై 1968

జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మీ ఆసుపత్రికి అత్యవసరంగా వచ్చే కేసుల్లో విషం కేసులు నూటికెన్ని, 1966 జనవరి నుంచి లెక్క తీసి పదిహేను రోజుల్లో పంపవలెను, దానిని బట్టి విరుగుడు మందు ఎట్రోపిన్ కోటా నిర్ణయింపబడును, అని. సైక్లోస్టైలు కాగితమే గాని పైన సిరాతో "డా. భావనారాయణ, బూరగపేట" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఈమధ్య ఇంత మర్యాద నాకెవరూ చెయ్యలేదు.

కంపౌండరు జగన్నాధం రిజిస్టర్లు మోసుకొచ్చాడు. ఇద్దరం సాయంత్రం దాకా తిరగేశాం. అత్యవసరం కేసులు తొమ్మిదివందల చిల్లర. పాముకాట్లు, తాటిచెట్టు మీంచి పడ్డవాళ్ళు, అడ్డం తిరిగిన కాన్పులు, గట్టు తగాదాలో బుర్రలు పగిలినవాళ్ళు. విషం, సున్న. కడుపునొప్పి, మూడువందల పదకొండు.

"ఏం రాద్దాం సార్?" అన్నాడు జగన్నాధం.

"ఏముంది, మా తాలూకా జనానికి కడుపులు బలహీనం, మనసులు మాత్రం బహు నిబ్బరం అని రాద్దాం" అన్నాను.

జగన్నాధం నవ్వలేదు. నా హాస్యానికి నవ్వేవాళ్ళు ఆసుపత్రిలో తగ్గిపోతున్నారు.

5 జూలై

ఈవేళ కడుపునొప్పి ఒకటి వచ్చింది. జగ్గమ్మట, ఇరవై రెండేళ్ళు. గన్నేరు పప్పు నాలుగు గింజలు నూరుకుని మజ్జిగలో కలుపుకుని తాగింది. అదీ కడుపునొప్పి. దార్లోనే వాంతి కోసం పేడనీళ్ళు పట్టించారు, అందుచేత మంచం, బండి, మనిషి, అన్నీ ఒకే వాసన.

గొట్టం వేసి కడుపు కడగడం మా ఆయా అసిరమ్మ పట్టుకోకపోతే జరిగే పని కాదు. రోగి తల తన ఒళ్ళో పెట్టుకుని, "మింగమ్మా, మింగీ, నా తల్లి కదూ, ఇంకొక్క గుక్క" అంటూ ఆ గొట్టాన్ని లోపలికి దింపిస్తుంది. నేను పదేళ్ళు చదివి నేర్చుకోనిది ఆవిడ చదవకుండా నేర్చుకుంది. నాడి నలభైకి పడిపోయింది. ఎట్రోపిన్ ఇచ్చాం. ఆ మందు ఉండేది ఇంత గాజుగొట్టంలో, ఆంపూలంటారు, చిటికెన వేలంత కూడా ఉండదు. గంటకి నాడి అరవై దాటింది. బతుకుతుంది.

బతుకుతుందని తెలియగానే నరసింగరావు గారు వచ్చారు. జగ్గమ్మ వాళ్ళ ఊరి ప్రెసిడెంటు. విషం పని చేశాక మందు వస్తుంది, మందు పని చేశాక ప్రెసిడెంటు వస్తాడు. ఇది మా ఆసుపత్రి పద్ధతి.

"డాట్రు గారూ, కడుపునొప్పని రాసీండి. ఇసం అంటే పోలీసులొస్తారు, సచ్చిపోదామనుకున్నందుకు ఆ గుంట మీదే కేసు కడతారు. రేపు దాని సెల్లికి పెళ్ళవ్వాల."

"అలాగే. పెరుగన్నం తిని పడుకోమనండి, కడుపునొప్పి కదా" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను కడుపునొప్పి అని రాశాను. ఎవరికీ నష్టం లేదు. పోలీసులకి పని తగ్గింది, ఆ పిల్లకి పరువు మిగిలింది. దీన్ని దయ అంటారని నా అభిప్రాయం.

6 జూలై

జగ్గమ్మకి ఇడ్లీ తెచ్చిపెట్టిన వాళ్ళు లేరు. అసిరమ్మ అంబలి తెచ్చింది.

13 జూలై

గడువు దగ్గరపడింది. రిజిస్టరు దిద్దుదామా అనుకున్నాను. దిద్దితే ఏమవుతుంది? ఇన్నాళ్ళూ దొంగరాతలు రాశావు అని నా ఉద్యోగం పోతుంది. అది పోతే పోనీ అనుకోవడానికి నేనేం మహాత్ముణ్ణి కాను. పైగా ఆ మూడువందల మంది మాట? పోలీసులు ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, మీరు ఫలానా రోజున చావబోయారట, నిజమేనా, అని అడుగుతారు. కాబట్టి వాళ్ళ కోసమే దిద్దను.

మా ఆవిడ కామేశ్వరి నుంచి ఉత్తరం లేదు. విజయనగరంలో వాళ్ళన్నయ్యగారింట్లో పిల్లలకి వీణ చెబుతోంది. గాలిమార్పు కోసం వెళ్ళింది. రెండేళ్ళ అయిదు నెలలైంది, గాలి ఇంకా మారినట్టు లేదు.

14 జూలై

"విషం కేసులు: లేవు" అని రాసి సంతకం పెట్టాను. జగన్నాధం కవరు అంటించాడు.

9 ఆగస్టు

నేను ఆదర్శ వైద్యుణ్ణయ్యాను. కాగితం వచ్చింది. జిల్లా మొత్తంలో ఒక్క విషం కేసైనా లేని తాలూకా మాదేనట. ప్రజల్లో ఇంతటి మానసిక ఆరోగ్యం పెంపొందించినందుకు అభినందనలు. ఏ పద్ధతులు అవలంబించారో రెండు పేజీల్లో రాసి పంపితే మిగతా ఆసుపత్రులకి చూపిస్తారట.

కాగితంతో పాటు బండి కూడా వచ్చింది. కడుపునొప్పి కేసులు అధికంగా ఉన్నందున, అజీర్తి మిక్చరు పెద్ద సీసాలు ఇరవై నాలుగు. గులాబీ రంగు. వాము వాసన. జగన్నాధం వాటిని మందుల గదిలో రెండు వరసలుగా పేర్చాడు. తలుపు తీస్తే పెళ్ళింట్లో షర్బత్తు పెట్టినట్టుంది.

అసిరమ్మ సీసా ఒకటి ఎత్తి చూసింది. "ఏటి బాబూ ఇది?"

"ప్రభుత్వం వారు మన కడుపునొప్పులకి పంపించారు."

"గన్నేరు పప్పుకి పని సేస్తాదా?"

"చెయ్యదు."

"మరేల పంపేరు?"

మొత్తం జిల్లాలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే.

10 ఆగస్టు

రెండు పేజీలు రాసి పంపాను. ప్రజలతో ఆత్మీయ సంభాషణ, నీతి బోధ, పౌష్టికాహారం. అంతా అబద్ధమే గాని భాష బాగా కుదిరింది.

21 ఆగస్టు

అబద్ధానికి కూడా ఇంకో కాగితం ఉంటుందని తెలియలేదు. మీ ఆసుపత్రిలో విషం కేసులు లేనందున, నిల్వ ఉన్న అరవై ఎట్రోపిన్ ఆంపూళ్ళలో ఆరు ఉంచుకుని, మిగతా యాభై నాలుగు విజయనగరం పెద్దాసుపత్రికి వాపసు చేయవలెను. అక్కడ అవసరం ఎక్కువట.

జగన్నాధం పెట్టెలో దూది పరిచి ఒక్కొక్కటే పేర్చాడు. అసిరమ్మ నేల తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"అయ్యన్నీ ఎల్లిపోతాయా బాబూ?"

"వెళ్ళిపోతాయి."

"ఓ ఇరవై పగిలిపోనాయని రాసీండి. నా గుడ్డలమూటలో దాస్తాను. ఎవులికీ తెల్దు."

"అసిరమ్మా, ఇన్నేళ్ళు నీ చేత కడుపులు కడిగించాను, ఇప్పుడు నువ్వు నాకు దొంగతనం నేర్పుతున్నావా? గవర్నమెంటు సొత్తు విషయంలో నేను గాజుగొట్టంలాంటి వాణ్ణి, అవతల నుంచి చూస్తే ఇవతలికి కనిపిస్తుంది."

జగన్నాధం నవ్వాడు. ఈ నెలలో మొదటిసారి. అసిరమ్మ గుడ్డ పిండుకుని వెళ్ళిపోయింది. నేను పెట్టె మూత మీద "బూరగపేట, 54" అని నా చేత్తో రాశాను.

22 ఆగస్టు

పంపించాం. నిజాయితీపరులకి మంచి నిద్ర పడుతుందంటారు. పట్టలేదు, ఉక్కపోత.

11 సెప్టెంబరు

కామేశ్వరి ఉత్తరం. నాలుగు వాక్యాలు. "ఈసారి పైడితల్లమ్మ సిరిమాను జాతరకి రావాలనుంటే రండి. వదినకి చెప్పాను. భోజనం ఇక్కడే. ఎవరి ముందూ హాస్యాలు వద్దు."

నాలుగో వాక్యం అక్కర్లేకపోయింది.

18 సెప్టెంబరు

అసిరమ్మ కొడుకు గంగులు నరసింగరావు గారి పొలంలో మందు కొట్టే పనికి కుదిరాడు. ఈ ఏడు అంతా తైచుంగు అనే కొత్తరకం వరి వేశారు. ఆ వరికి పండడం ఎంత బాగా వచ్చో, పురుగుని రప్పించుకోవడం అంత బాగా వచ్చు. ఈవేళ సైకిలు మీద వస్తూ చూశాను, గంగులు గట్టు మీద కూర్చుని పురుగుల మందు బకెట్లో పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతున్నాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు.

"ఒరే, కర్రతో కలపరా" అన్నాను.

"కర్రతో కలిపితే అడుక్కుండిపోతాది బాబూ. సెయ్యయితే తెలుస్తాది."

"ఆ చేత్తోనే అన్నం తింటావా?"

"మరే సేత్తో తింతాను బాబూ?" అని నవ్వాడు. భార్య చిన్నతల్లి గట్టు మీద అన్నం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. మూడో నెలట. నేనూ నవ్వి సైకిలెక్కాను. ఆసుపత్రికి వచ్చాక అసిరమ్మతో, "నీ కొడుకు మందు కలిపే తీరు చూస్తే పురుగులు నవ్వుకుని చస్తాయే" అన్నాను. ఆవిడ నవ్వకుండా, "మీరు సెప్పండి బాబూ, మీ మాట ఇంతాడు" అంది. చెప్పాను కదా అన్నాను. అలా చెప్పడం చెప్పడం కాదని తెలిసే అన్నాను.

8 అక్టోబరు

ఈవేళ రాయను.

9 అక్టోబరు

నిన్న సిరిమాను. పదకొండు గంటల బస్సుకి విజయనగరం వెళ్దామని జరీపంచె కట్టుకుని, కామేశ్వరికి సెంటుసీసా కొని, సంచీ చంకలో పెట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతున్నాను. నలుగురు కూలీలు నులకమంచం మోసుకొచ్చారు. మంచం మీద గంగులు.

పొద్దున్నుంచి గాలికి ఎదురుగా మందు కొట్టాడట. తొమ్మిదింటికి చద్దన్నం తిన్నాడు. పదింటికి కళ్ళు మసకలన్నాడు. నేను చూసేసరికి కంటిపాపలు ఆవగింజలంత ఉన్నాయి, నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట, తొడల కండలు చర్మం కింద పాకుతున్నాయి. ఊపిరి గుర్రుమంటోంది. డాక్టరన్నవాడికి అనుమానం అక్కర్లేదు. ఈ విషానికి ఎట్రోపిన్ ఆగకుండా ఎక్కించాలి, పాపలు పెద్దవయ్యేదాకా, నోరు ఎండేదాకా. యాభై పడితే యాభై, వంద పడితే వంద.

ఆరున్నాయి.

నా బస్సుకి జగన్నాధాన్ని ఎక్కించాను. "పెద్దాసుపత్రికి వెళ్ళి ఎన్నిస్తే అన్ని పట్టుకురా. కాళ్ళట్టుకో, ఏదైనా చెయ్యి" అన్నాను. ఇక్కడ అసిరమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా పెట్టుకుంటున్నట్టే, అదే బల్ల మీద, అదే మాట. "నెగురా నాన్నా. ఒక్క గుక్క గాలి. ఇంకొక్క గుక్క." మొదటి రెండూ ఎక్కించగానే ఊపిరి తేలికైంది. అసిరమ్మ నా వైపు చూసి, "తేరుకుంతన్నాడు బాబూ" అంది. మరో రెండు. మరో రెండు. పన్నెండుంబావుకి అయిపోయాయి.

ఆ తరవాత నేను చేసిన వైద్యం, నురగ తుడవడం, తల పక్కకి తిప్పడం, వాకిట్లోకి చూడడం. ఏదైనా ఉందేమోనని మందుల గది తలుపు తీశాను. గులాబీ రంగు సీసాలు రెండు వరసలు. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

"ఇంకేటీ నేవా బాబూ?" అంది అసిరమ్మ లోపల్నుంచి.

"వస్తున్నాయి. జగన్నాధం తెస్తున్నాడు" అన్నాను.

విజయనగరంలో బస్సు ఊరి బయటే ఆపేశారట. లక్షమంది జనం. పాపం జగన్నాధం పరిగెత్తాడు. మూడులాంతర్ల సెంటరు దగ్గర పోలీసులు దారి కట్టేశారు. సిరిమాను కదిలితే గాని రోడ్డు దాటనివ్వమన్నారు. ఆ మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగాలి. డాక్టరు పంపించాడు, ప్రాణం మీదకొచ్చింది అన్నాడట. ఇక్కడున్న లక్షమందీ ప్రాణం మీదకొస్తేనే మొక్కుకున్నారయ్యా, ఉండు అన్నారట. జగన్నాధం తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. చేతిలో పెట్టె. మూత మీద నా రాత. "బూరగపేట, 54." అందులోంచి వాళ్ళు ఒక్కటి కూడా వాడలేదు.

గంగులు మూడూ ఇరవైకి పోయాడు.

అసిరమ్మ చాలాసేపు ఏడవలేదు. కొడుకు మూతి తుడిచింది. బల్ల తుడిచింది. చిన్నతల్లిని గోడవార కూర్చోబెట్టింది. అప్పుడు నా దగ్గరికొచ్చి, ఇన్నేళ్ళలో ప్రెసిడెంట్లు, మునసబులు, మావగార్లు ఎంతమంది అన్నారో ఆ మాటే అంది.

"కడుపునొప్పని రాసీండి బాబూ. మందు కొట్టీవోడు మందుతో పోనాడంటే తాగీసి సచ్చిపోనాడంతారు. పెల్లాంతో తగువనీసి అంతారు. సిన్నతల్లి కడుపుతో ఉన్నాది. దాని మొకం సూసి రాసీండి. కోత వద్దు బాబూ."

నేను రిజిస్టరు తీశాను. "పురుగుల మందు. విషం" అని రాశాను. నా జీవితంలో మొదటిసారి నిజం రాయాలనిపించింది. నిజం రాయాలని నాకెప్పుడనిపించిందో చూడు. వాళ్ళ మొహం చూడకుండా రాశాను.

10 అక్టోబరు

విషం అని రాశాక పోలీసులు రాక తప్పదు. పంచనామా అయింది. నరసింగరావు గారు వచ్చి, "తాగీసేడేమో డాట్రు గారూ, కుర్రోడు ఉడుకుమోతు" అన్నారు. పొలం ఆయనది, మందు ఆయనది. తాగలేదు, ఒంటి మీద పడింది అని నేను రాసిచ్చాను. చిన్నతల్లిని రెండు గంటలు అడిగారు.

శవపరీక్ష చెయ్యాలి. తాలూకాలో గవర్నమెంటు డాక్టర్ని నేనొక్కణ్ణే. గంగుల్ని కోసింది నేనే. ఎప్పుడూ ఆ గదిలో నీళ్ళు పోసి, బల్ల కడిగే మనిషి ఈవేళ బయట మట్టిలో కూర్చుంది. నేనే కడుక్కున్నాను.

11 అక్టోబరు

అసిరమ్మ పనికి రాలేదు.

15 అక్టోబరు

రాలేదు.

16 అక్టోబరు

కామేశ్వరికి ఉత్తరం మొదలుపెట్టాను. "అనివార్య కారణాల వల్ల రాలేకపోయాను" అని రాసి చించేశాను. సెంటుసీసా సంచీలోనే ఉంది.

20 అక్టోబరు

అసిరమ్మ వచ్చింది. చీపురు పట్టుకుంది. నాతో మాట్లాడదు. నేనూ ఏదైనా అందామని నోరు తెరిచి, వచ్చేది హాస్యమే అని తెలిసి మూసుకున్నాను. ఇంతకాలం నా నోట్లో వేరే మాట లేదని నలభై ఏళ్ళకి తెలిసింది.

4 నవంబరు

అక్టోబరు నెల నివేదికలో "విషం కేసులు: 1" అని పంపాను. గాజుగొట్టాలు తిరిగి ఇప్పించండి, చాలా కావాలి అని అడిగాను. ఈవేళ జవాబు. మీ తాలూకాలో దాదాపు మూడేళ్ళలో విషం కేసు ఒక్కటే నమోదైంది. ఒక్క కేసుకి ఆరు ఆంపూళ్ళు సరిపోవును. కావున ఆరు మంజూరు చేయడమైనది. గత నెల 8వ తేదీన మీరు అత్యవసరంగా తెప్పించుకున్న పెట్టె వెంటనే వాపసు చేయవలెను.

లెక్క సరిగ్గానే ఉంది. నేను పంపిన లెక్కే.

5 నవంబరు

మధ్యాహ్నం ఆ కాగితం అసిరమ్మకి చదివి వినిపించాను. ఎందుకు వినిపించానో తెలియదు. తిట్టించుకోవడానికి కావచ్చు. ఆవిడ చీపురు గోడకి ఆనించి, గడప దగ్గర కూర్చుంది. అప్పుడు అంది.

"అందరికీ కడుపునొప్పని రాసేరు. ప్రెసిడెంటు కోడలికి రాసేరు. కరణం గారి తమ్ముడికి రాసేరు. నానే కదా బాబూ అందర్నీ ఒళ్ళో పెట్టుకున్నాను. నా కొడుక్కే ఇసం అని రాసేరేటి? ఆడు మీకేటి సేసేడు?"

నా దగ్గరున్న రెండు సమాధానాలూ చెప్పుకోదగ్గవి కావు. ఒకటి, మిగతావాళ్ళ వెనక ప్రెసిడెంట్లు ఉన్నారు, నీ వెనక ఎవరూ లేరు. రెండు, నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు నీ మీద తీర్చుకున్నాను. రెండూ చెప్పాను. ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ విని, "మిమ్మల్ని ఒగ్గీను బాబూ. సచ్చీదాకా ఒగ్గీను" అంది. క్షమించదు. ఒగ్గమని నేనూ అడగను. తరవాత రిజిస్టర్ల వైపు చూపించి, "సదవండి. ఏది ఇసమో ఏది కాదో నానెరుగుదును" అంది.

జగన్నాధం కొత్త కాగితాలు తెచ్చి గీతలు గీశాడు. నేను కడుపునొప్పులు ఒక్కొక్కటే చదివాను.

"మరిడమ్మ, ముప్ఫై ఏళ్ళు."

"ఎలకల మందు. గుడ్డుతో తినీసింది. బతికింది."

"దాలమ్మ, యాభై."

"దాన్ది నిజంగా కడుపునొప్పే బాబూ. పనసకాయ కూర. ఏకంగా సట్టెడు తినీసింది."

"చినబాబు, నాలుగేళ్ళు."

"కిరసనాయిలు. మంచినీల్లనుకున్నాడు గుంటడు." వేలు మడిచి, "సచ్చిపోనాడు" అంది.

అలా సాయంత్రం అయిదింటి దాకా. మూడువందల ముప్ఫై కడుపునొప్పుల్లో ఒక్కటి కూడా ఆవిడ మరిచిపోలేదు. ఏ చీర, ఏ నెల, ఎవరు తెచ్చారు, ఎన్నిసార్లు కడిగాం, అన్నీ చెప్పింది. నేను రాసినవి అక్షరాలు, ఆవిడ దగ్గరున్నది రిజిస్టరు. వెనక నుంచి ముందుకి చదువుతూ వచ్చాం. ఆఖరికి మొదటి పుస్తకంలో మొదటి కడుపునొప్పి దగ్గరికి వచ్చాం. 1966 ఫిబ్రవరి 12.

నేను చదవలేదు. అసిరమ్మకి చదవక్కర్లేదు.

"అది ఒగ్గీండి బాబూ. అమ్మగారిది వద్దు" అంది.

జగన్నాధం లేచి బయటికి వెళ్ళాడు. వాడికీ తెలుసన్నమాట.

6 నవంబరు

ఈ డైరీ ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా గాలిమార్పు అనే రాశాను.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో తహసీల్దారు గారినీ, పెద్దల్నీ భోజనానికి పిలిచాను. కామేశ్వరి వీణ తీసింది. వాళ్ళది విజయనగరంలో నాలుగు తరాలుగా వీణ ఉన్న ఇల్లు. పాట సగంలో ఉండగా నేను, "మా ఆసుపత్రిలో మత్తుమందు అయిపోయినా భయం లేదండి, మా ఆవిడ చేత వాయిస్తాం" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. అలాంటివి రోజూ అనేవాణ్ణే. ఆ రోజు నవ్వినవాళ్ళు ఎక్కువ, అంతే తేడా. ఆవిడ పాట పూర్తి చేసింది. అందరికీ తాంబూలాలిచ్చింది. మర్నాడు పొద్దున్న గన్నేరు పప్పు నూరుకుంది.

ఎట్రోపిన్ ఎక్కించింది నేను. తల ఒళ్ళో పెట్టుకుని, "మింగమ్మా, నా తల్లి కదూ" అన్నది అసిరమ్మ. కడుపునొప్పి అని రాసింది నేను. ఎవరూ రాయమనలేదు, ఏ ప్రెసిడెంటూ రాలేదు. తరవాత వచ్చిన వాళ్ళందరికీ నేను చూపించిన దయ అక్కడ మొదలైంది.

10 నవంబరు

విజయనగరం వెళ్ళాను. కామేశ్వరి పిల్లలకి పాఠం ఆపి, పీట వేసి, మంచినీళ్ళిచ్చింది. సన్నబడింది. గంగులు సంగతి చెప్పాను. ఆరు ఆంపూళ్ళ సంగతి చెప్పాను. లిస్టు తయారైందనీ, మొదటి వరస ఖాళీగా ఉందనీ చెప్పాను.

"నా పేరు రాయొచ్చా అని అడగడానికి వచ్చారా?"

"ఔను. వద్దంటే రాయను. కేసూ అదీ అంటారేమో."

"రెండేళ్ళ తొమ్మిది నెలల్లో నన్ను మీరడిగిన మొదటి మాట ఇది" అంది. వీణ తీగె ఒకటి బిగించింది, ఇంకోటి బిగించింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాకు దీనంత కష్టమైన పని ఇంకోటి లేదని ఆవిడకి తెలుసు.

"రాయండి" అంది. "ఆ కాగితంలో కారణం అని గడి ఉంటుంది కదూ. అది మాత్రం ఖాళీగా వదలొద్దు."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"

"ముందది రాయండి" అంది. సెంటుసీసా తీసుకోలేదు.

12 నవంబరు

పూర్తయింది. మొత్తం అత్యవసరం కేసులు తొమ్మిదివందల తొంభై. విషం నూట ఇరవై ఏడు. ఎనిమిది మందిలో ఒకరు. చనిపోయినవాళ్ళు ముప్ఫై ఒకరు. ఇదివరకు పంపిన లెక్కలన్నీ తప్పు, తెలిసి రాసిన తప్పు, బాధ్యత పూర్తిగా నాది, రోగుల మీద గాని వాళ్ళ కుటుంబాల మీద గాని చర్య వద్దు, ఏం చేసినా నన్ను చెయ్యండి అని రాశాను. పెట్టె వాపసు చెయ్యను అని కూడా రాశాను. ఇంకో మూడువందల ఆంపూళ్ళు కావాలి. అజీర్తి మిక్చరు ఇరవై నాలుగు సీసాలు తీసుకుపోవలెను.

ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పోయే లోపల మందు వస్తే చాలు.

అసిరమ్మ నా పక్కనే నిలబడి చూసింది. చదువు రాదు గదా, అందుకని వరసలు వేలితో చూపించి అడిగింది. "ఇది అమ్మగారిదా? అన్నిటికన్నా కిందది నా కొడుకుదా?"

"ఔను."

"కారణం అన్న కాడ ఏటి రాసేరు?"

నడుమ ఉన్న నూట ఇరవై అయిదింటికీ ఎవరి కారణం వాళ్ళది రాశాను. ఆ రెండింటికి మాత్రం ఒకటే రాశాను, నా పేరు. చదివి వినిపించాను. ఆవిడ తల ఊపింది. తప్పు లేదు అన్నట్టు.

గంజి తెచ్చి కవరు తనే అంటించింది. పదకొండు గంటల బస్సుకి జగన్నాధం పట్టుకెళ్ళాడు.